పొక్లెయిన్ మానిటర్ మీద 100-4: ఆ అంకె నిజంగా ఏం చెబుతోంది?

"అన్నా, ఆయిల్ ప్రెషర్ సెన్సర్ మూడోసారి మార్చినం. పొద్దుగాల మంచిగనే నడుస్తది. పదకొండు దాటితే మళ్లీ గదే కోడ్ వస్తాంది, రేసు దిగిపోతాంది."

నిరుడు మే నెలలో నర్సంపేట అవతల ఒక చెరువు పూడిక పని దగ్గర నుంచి వచ్చిన ఫోన్ అది. 20 టన్నుల పొక్లెయిన్, సెకండ్‌హ్యాండ్ బండి, మీటర్ మీద 9 వేల గంటలు దాటాయి. మానిటర్ మీద కోడ్ 100-4. నేను వెళ్లేసరికి కట్ట మీద టిప్పర్లు, ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు చెట్టు కింద కూర్చున్నారు. ఓనర్‌కు ఫైనాన్స్ కిస్తీ కట్టే తేదీ ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. అతని ముఖంలో టెన్షన్ చూస్తే ముందు బండి గురించి అడగాలనిపించలేదు, మంచినీళ్లు తాగమని చెప్పాలనిపించింది.

2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మన ఊళ్లలో చెరువు పని అంటే పొక్లెయినే. కరీంనగర్ గ్రానైట్ క్వారీలు, భూపాలపల్లి వైపు మట్టి పనులు, కాలువ గట్లు, ఇళ్ల ప్లాట్లు, ఎక్కడ చూసినా పాత బండ్లే ఎక్కువ. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు కదా. ఈ బండ్ల పంపు మోతను బట్టి, పొగ రంగును బట్టి జబ్బు చెప్పే పెద్ద మెకానిక్‌లు వరంగల్‌లో ఉన్నారు. వాళ్ల చేతులకు దండం పెట్టాలి. కానీ కోడ్ పడిందనగానే వాళ్లలోనూ చాలామంది ఒకటే చేస్తారు. కోడ్‌లో ఏ సెన్సర్ పేరుంటే దాన్ని తెప్పించి బిగిస్తారు. డబ్బు పోయేది అక్కడే.

సెన్సర్ పాడైందని 100-4 లాంటి కోడ్ చెప్పదు. "ఈ సెన్సర్ వైరు మీద నాకు అందిన వోల్టేజీ నమ్మేలా లేదు" అని మాత్రమే ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, చెబుతుంది. వోల్టేజీ చెడిందంటే సెన్సర్ చెడి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, కప్లర్‌లో, అంటే వైర్లు కలిపే ప్లగ్గులో, పిన్ను వెనక్కి పోయి ఉండొచ్చు, ఎర్త్ వదులై ఉండొచ్చు, పక్కనున్న ఇంకో సెన్సర్ దీన్ని కిందికి లాగుతుండొచ్చు. ఇందులో ఏదో తేల్చడమే మన పని. అందుకు పెద్ద స్కానర్ కన్నా ఒక మంచి మల్టీమీటరు, కొంచెం ఓపిక ఎక్కువ పనికొస్తాయి.

అర వోల్టు ఎందుకు?

ప్రెషర్ సెన్సర్‌కు సాధారణంగా మూడు వైర్లు ఉంటాయి. ఒక దాంట్లో ఈసీఎం 5 వోల్టులు పంపుతుంది. రెండోది ఎర్త్. మూడోది సిగ్నల్, సెన్సర్ తన జవాబు చెప్పే దారి. ఎక్కువ బండ్లలో ఆ జవాబు 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్యే ఉంటుంది. ప్రెషర్ ఏమీ లేనప్పుడు 0.5, పూర్తిగా ఉన్నప్పుడు 4.5.

మరి ప్రెషర్ సున్నా అయినప్పుడు వోల్టేజీ కూడా సున్నా ఉండొచ్చు కదా? ఉండకూడదు. వైరు ఎర్త్‌కు తగిలినా సున్నానే వస్తుంది. అప్పుడు ఇంజిన్‌లో నిజంగా ఆయిల్ ప్రెషర్ పోయిందో, ఉత్త వైరు తగులుతోందో ఈసీఎంకు తేడా తెలియదు. అందుకే కింద అర వోల్టు, పైన అర వోల్టు ఖాళీగా వదిలేశారు. ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ ఆ ఖాళీల్లోకి ఎప్పుడూ రాదు. వోల్టేజీ అక్కడ కనపడిందంటే అది ప్రెషర్ సంగతి కాదు, కరెంటు సంగతి. ఈ ఒక్క విషయం మనసుకు పడితే కోడ్‌లు సగం అర్థమైనట్టే.

ఇప్పుడు 100-4 చూద్దాం. ఎస్ఏఈ జే1939 అనే ప్రమాణం ప్రకారం మొదటి అంకె ఏ కొలత అన్నది చెబుతుంది, దాన్ని ఎస్‌పీఎన్ అంటారు. 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్, 102 అంటే బూస్ట్ ప్రెషర్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలిది), 110 కూలెంట్ వేడి, 157 ఫ్యూయల్ రెయిల్ (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం) ప్రెషర్, 168 బ్యాటరీ వోల్టేజీ. గీత తర్వాతి అంకె ఎఫ్ఎంఐ, అది ఏ రకంగా చెడిందో చెబుతుంది. 3 అంటే వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా పైన ఉంది. 4 అంటే కింద ఉంది. 2 అంటే నిలకడ లేకుండా ఎగురుతోంది. 5, 6 కరెంటుకు సంబంధించినవి, ఎక్కువగా కరెంటుతో కదిలే సోలెనాయిడ్లు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర కనపడతాయి.

చాలామంది మొదటి అంకె చూసి ఆగిపోతారు. దారి చూపేది రెండోది. కోడ్ పడగానే రెండు అంకెలూ రాసుకోండి, లేదా మానిటర్ ఫొటో తీసుకోండి. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేశాక గుర్తుండదు.

అన్ని కంపెనీలూ ఈ గీత పద్ధతి వాడవు. కొమాట్సు బండ్లలో సీఏ అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లు వస్తాయి. సీఏ144 అంటే కూలెంట్ వేడి సెన్సర్ వోల్టేజీ ఎక్కువ, సీఏ145 అంటే తక్కువ. కమిన్స్ ఇంజిన్లలో కూడా 144, 145కు అదే అర్థం. పేరు ఏదైనా లోపలి మాట ఒకటే, పైనా కిందా అన్నదే.

0, 1 అన్న ఎఫ్ఎంఐలు, 15 నుంచి 18 వరకు ఉన్నవి మాత్రం వేరే జాతి. అక్కడ వైరు బాగానే ఉంది, సెన్సర్ నిజమే చెబుతోంది, కొలతే హద్దు దాటింది. 100-1 వచ్చిందంటే ఆయిల్ ప్రెషర్ నిజంగానే పడిపోయిందని ముందు నమ్మాలి. ఇంజిన్ ఆపేయాలి. సెన్సర్ విప్పి ఆ రంధ్రానికి మామూలు ప్రెషర్ గేజ్ బిగించి చూడాలి. 100-4కూ 100-1కూ తేడా తెలియక, "సెన్సర్ కోడే గదా" అనుకుని నడిపితే బేరింగులు పట్టేస్తాయి. క్రాంక్ షాఫ్ట్ ఖర్చు ముందు సెన్సర్ ఖర్చు లెక్కలోకే రాదు.

కప్లర్ పీకి చూడటం

వేడి చెప్పే సెన్సర్లకు రెండే వైర్లు. వీటిని పట్టుకోవడం సులువు, పైసా ఖర్చు లేదు. లోపల ఉండేది వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గే ఒక చిన్న ముక్క. బండి బండికి లెక్క మారుతుంది కానీ, మనకు ఎక్కువగా కనిపించే కూలెంట్ సెన్సర్లలో 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల చుట్టూ ఉంటుంది. ఈసీఎం తన లోపలి రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, ఎంత మిగిలిందో చూస్తుంది. వైరు తెగితే మొత్తం 5 అక్కడే నిలుస్తుంది, కోడ్ 3 వస్తుంది. రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలితే సున్నా, కోడ్ 4 వస్తుంది.

అంటే 110-4 వచ్చిందనుకోండి. కీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, సెన్సర్ కప్లర్ పీకండి. కోడ్ 110-3కు మారిందా? అయితే ఈసీఎం బాగుంది, వైర్లు బాగున్నాయి, సెన్సరే లోపల షార్ట్ అయింది. నిశ్చింతగా కొత్తది కొనొచ్చు. కప్లర్ పీకినా 4 దగ్గరే నిలిచిందా? అసలు సెన్సరే అక్కడ లేనప్పుడు కూడా తప్పు కనపడుతోందంటే ఆ తప్పు సెన్సర్‌ది ఎలా అవుతుంది? వైరు వెంట పోవాల్సిందే. 110-3 వస్తే దీన్నే తిరగేయాలి. కప్లర్ పీకి హార్నెస్ (వైర్ల కట్ట) వైపు రెండు పిన్నులనూ చిన్న వైరు ముక్కతో కలిపి, 4కు మారుతుందేమో చూడాలి. ఇది రెండు వైర్ల వేడి సెన్సర్లకు మాత్రమే. మూడు వైర్ల ప్రెషర్ సెన్సర్ కప్లర్‌లో ఇలా గుడ్డిగా కలిపితే 5 వోల్టుల సప్లైని ఎర్త్ చేసినట్టవుతుంది.

హైడ్రాలిక్ పంపుల మీద ఉండే ప్రెషర్ సెన్సర్లకు ఇంకో మంచి ఉపాయం ఉంది. చాలా బండ్లలో మొదటి పంపుకూ రెండో పంపుకూ ఒకే రకం సెన్సర్ ఉంటుంది. రెండింటినీ అటుదిటు మార్చి బిగించండి. కోడ్ కూడా రెండో పంపుకు మారితే సెన్సర్ తప్పు, ఉన్నచోటే ఉంటే వైరు తప్పు. విప్పే ముందు బకెట్ నేల మీద ఆనించి, ఇంజిన్ ఆపి, లీవర్లు నాలుగు వైపులా కదిపి, ట్యాంకు ప్రెషర్ వదలాలి. ఈ లైన్లలో 300 బార్‌కు పైగా ప్రెషర్ నడుస్తుంది. మిగిలిపోయిన ప్రెషర్ చేతిలోకి నూనె ఎక్కిస్తే వేలు తీసేయాల్సి రావొచ్చు. తొందర ఎంతున్నా ఇక్కడ మాత్రం తొందరపడొద్దు.

చెరువు కట్ట మీద ఏం జరిగింది?

మళ్లీ ఆ నర్సంపేట బండి దగ్గరికి వద్దాం. మానిటర్‌లో సర్వీస్ మెనూ తెరిస్తే కోడ్‌లు ఒకటి కాదు, మూడు ఉన్నాయి. 3509-4, 100-4, 102-4. ఆయిల్ ప్రెషర్ అనగానే ఎవరికైనా గుండె జారుతుంది కాబట్టి అందరి కళ్లూ 100 మీదే పడ్డాయి. 3509 ఏ సెన్సర్ పేరూ కాదు గనక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నిజానికి అసలు సంగతి దాంట్లోనే ఉంది. 3509 అంటే ఈసీఎం సెన్సర్లకు పంపే 5 వోల్టుల సప్లై. కమిన్స్‌లో 352, కొమాట్సులో సీఏ352 చెప్పేదీ ఇలాంటిదే. ఒకే సప్లై మీద రెండు మూడు సెన్సర్లు బతుకుతుంటాయి. ఒకే బోరు మీద మూడు పొలాలు పారినట్టు. బోరే ఆగితే మూడు పొలాలూ ఎండుతాయి, మడి మార్చి లాభం లేదు.

ఆయిల్ ప్రెషర్ సెన్సర్ కప్లర్ వెనక నుంచి, రబ్బరు సీలు పక్కగా, సన్నటి గుండుసూది దూర్చి మీటర్ పెట్టాను. వైరు తోలును సూదితో పొడవకూడదు. ఆ రంధ్రంలోంచి వానాకాలంలో నీళ్లు దిగి ఆర్నెల్లలో లోపల చిలుము పడుతుంది. ఇంజిన్ ఆపి చూస్తే 5.0. ఓనర్ కూడా అంతకుముందు అలాగే చూసి, సప్లై బాగుందని తేల్చుకున్నాడు. స్టార్ట్ చేసి స్లోలో చూస్తే 5.0. అరగంట పని చేయించి, ఇంజిన్ వేడెక్కాక ఫుల్ రేసులో పెట్టి చూస్తే మీటర్ మీద అంకెలు చిందులు వేశాయి. 5, 3, 0.8, మళ్లీ 5. తప్పు ఏ పరిస్థితిలో వస్తుందో ఆ పరిస్థితిలోనే కొలవాలి. పొద్దున చల్లటి ఇంజిన్ మీద కొలిస్తే పొద్దుటి జవాబే వస్తుంది.

ఆయిల్ సెన్సర్ కప్లర్ పీకాను, సప్లై అలాగే పడుతోంది. బూస్ట్ సెన్సర్ కూడా పీకాను, అలాగే ఉంది. రెండు సెన్సర్లూ నిర్దోషులే. ఇక మిగిలింది వైరు. ఇంజిన్ ఆపి హార్నెస్‌ను జానెడు జానెడు తడుముతూ వెళ్తే, ఇంజిన్ వెనక ఒక ఇనుప బ్రాకెట్ అంచు దగ్గర వేలికి గరుకుగా తగిలింది. టార్చి వేసి చూస్తే పైన గొట్టం అరిగి, లోపలి వైరు మీద బియ్యపు గింజంత మేర తోలు పోయి, రాగి తళతళా మెరుస్తోంది. బ్రాకెట్ అంచు మీద కూడా అంతే మేర మెరుపు. హార్నెస్‌ను పట్టి ఉంచే క్లిప్పు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రం ఉంది. ఎప్పుడో ఇంజిన్ దించినప్పుడు ఎవరో ఆ క్లిప్పు తిరిగి బిగించలేదు. వేడికి తోలు మెత్తబడి, ఫుల్ రేసులో వణుకు పెరిగి, రాగి ఇనుముకు తగిలినప్పుడల్లా సప్లై ఎర్త్ అయిపోతోంది.

దెబ్బతిన్న ముక్క కోసేసి, మంచి వైరు పెట్టి క్రింప్ చేసి (స్లీవులో పెట్టి గట్టిగా నొక్కి), జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు ఎక్కించి, కొత్త క్లిప్పు బిగించాను. సోల్డర్ చేయలేదు. ఇంత వణుకు ఉండే చోట సోల్డర్ చేసిన వైరు బిరుసెక్కి, ఆ అంచు దగ్గరే విరుగుతుంది. మెలితిప్పి టేపు చుట్టడం గురించి అసలు మాట్లాడొద్దు. సాయంత్రం నాలుగింటికి టిప్పర్లు కదిలాయి. పీకిన మూడు సెన్సర్లను తర్వాత బల్ల మీద పెట్టి చూశాను. మూడూ బాగానే ఉన్నాయి.

బ్యాటరీ, ఎర్త్, జీపీఎస్

ఏ కోడ్ వచ్చినా నేను మొదట మీటర్ పెట్టేది మాత్రం బ్యాటరీల మీదే. ఈ సైజు బండ్లలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. ఆపి ఉన్నప్పుడు రెండూ కలిపి 25 పైచిలుకు, నడుస్తున్నప్పుడు 27, 28 దగ్గర ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేసిన బండ్లు చాలా చూశాను. పాతది సెల్ఫ్ కొట్టేటప్పుడు కుంగిపోతుంది, ఈసీఎం ఒక క్షణం తెలివి తప్పి లేస్తుంది, సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు మిగిలిపోతాయి. ఎర్త్ కూడా అంతే. బ్యాటరీ నెగెటివ్ మీద ఒక ప్రోబ్, ఇంజిన్ బ్లాక్ మీద ఇంకో ప్రోబ్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాలి.

కంటిన్యుటీ బీప్‌ను, అంటే వైరు తెగలేదని మీటర్ చేసే చప్పుడును, నమ్మి మోసపోయినవాళ్లు చాలామంది. ముప్పై పోగుల్లో ఒక్క పోగు మిగిలినా మీటర్ బీప్ అంటుంది. కానీ ఆ ఒక్క పోగు ఈసీఎంకు కావాల్సిన కరెంటు మోయలేదు. కాబట్టి ఈసీఎం మెయిన్ సప్లై, ఎర్త్ వైర్లను ఈసీఎం కప్లర్ పీకి, హెడ్‌లైట్ బల్బు కాదు, ఇండికేటర్ సైజు 21 వాట్ల 24 వోల్టుల బల్బు వేసి చూడాలి. నిండుగా వెలిగితే వైరు మంచిది. ఇదే బల్బు సెన్సర్ సిగ్నల్ వైరు మీద మాత్రం పెట్టొద్దు, ఈసీఎం కాలిపోవచ్చు.

ఒకేసారి డజను కోడ్‌లు, అవీ కమ్యూనికేషన్ లేదని చెప్పేవి వస్తే, సెన్సర్లను వదిలేసి క్యాన్ లైను చూడండి. బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మెలితిప్పిన రెండు వైర్లవి. ఆ లైను రెండు చివర్లా ఒక్కో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. బ్యాటరీ విప్పేసి, 9 పిన్నుల గుండ్రటి డయాగ్నస్టిక్ కప్లర్ ఉన్న బండిలో సి, డి పిన్నుల మధ్య కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఎక్కడో లైను తెగింది లేదా ఒక రెసిస్టర్ పోయింది. సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ ఉన్న వస్తువు తగిలించారు. కిస్తీల బండ్లకు తర్వాత బిగించిన జీపీఎస్ పెట్టెలను ముందు చూడమంటాను. ఆ కనెక్షన్ కోసం డ్యాష్‌బోర్డు వెనక తోలు గీకి, మెలితిప్పి, టేపు చుట్టిన జాయింట్లు ఎన్నో విప్పాను.

వరి కోతలయ్యాక పొలం పక్కన నెలలు నిలబెట్టిన బండి అయితే సీటు కింద, ఫ్యూజు పెట్టె వెనక ఎలుక గూడు కోసం వెతకండి. ప్రెషర్ నీళ్లతో ఇంజిన్ కడిగిన మర్నాడు కోడ్ వచ్చిందంటే కప్లర్లలో నీళ్లు చేరాయేమో చూడండి. బకెట్‌కు పళ్లు వెల్డింగ్ చేశాక వచ్చిందంటే, బ్యాటరీ, ఈసీఎం కప్లర్లు విప్పకుండానే వెల్డింగ్ చేశారేమో అడగండి. "కోడ్ రాకముందు రోజు ఏం చేశారు?" అన్న ప్రశ్నకు ఆపరేటర్ దగ్గరే జవాబు ఉంటుంది. ఆయన్ని తిట్టకుండా, పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి.

కొనేముందు, పొద్దున్నే

పాత బండి కొనేవాళ్లకు నా మాట ఒకటే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, తెల్లవారుజామునే వెళ్లండి. మీరు వచ్చేసరికే వేడెక్కించి పెట్టి ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి. కీ ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా మానిటర్ సర్వీస్ మెనూలో గానీ, స్కానర్‌లో గానీ అంకెలు చదవండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో కూలెంట్, గాలి, హైడ్రాలిక్ ఆయిల్ వేడి మూడూ దాదాపు ఒకేలా ఉండాలి. ఆయిల్ ప్రెషర్ సున్నా ఉండాలి. బూస్ట్ సెన్సర్ వాతావరణాన్ని కూడా కలిపి కొలిచే రకమైతే మన వరంగల్ ఎత్తుకు 98 కిలోపాస్కల్ దగ్గర చూపించాలి. ఆయిల్ లైటు కీ ఆన్‌లో వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. మొదటే వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కారు. కోడ్‌ల చరిత్ర కూడా చూడండి. ఏ కోడ్ ఎన్ని గంటల దగ్గర వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది అన్నది చాలా బండ్లు దాచుకుంటాయి. 9 వేల గంటలు తిరిగిన బండిలో ఒక్క పాత కోడ్ కూడా లేదంటే నిన్ననో మొన్ననో ఎవరో తుడిచేశారని అనుమానించాలి. అప్పుడు కనీసం ఒక గంట గట్టి నేల తవ్వించి, మళ్లీ చూడండి.

మొన్న డిసెంబర్‌లో మా దూరపు చుట్టం ఒకతను పరకాల వైపు ఒక బండి బేరం చేసి, చూడటానికి రమ్మన్నాడు. పొద్దున ఆరున్నర, మంచు కురుస్తోంది. కీ ఆన్ చేశాం. గాలి 17 డిగ్రీలు. హైడ్రాలిక్ ఆయిల్ 18. కూలెంట్ 82. ఇంజిన్ మీద చేయి పెడితే చేయి చల్లబడుతోంది. సెన్సర్ కప్లర్ పీకాను. మానిటర్ మీద 82 అలాగే ఉంది. హార్నెస్‌లో కొత్తగా చుట్టిన నల్ల టేపు కనపడితే విప్పాను. రెండు వైర్లనూ కోసి, సెన్సర్‌ను పక్కన పెట్టి, మధ్యలో మినపగింజంత రెసిస్టర్ కట్టి ఉంది. ఇంజిన్ ఎంత మరిగినా ఈసీఎంకు 82 అనే చెబుతుంది. ఫ్యాను తిరిగే వేగం, రేసు తగ్గించే రక్షణ అంతా ఆ గింజ మీదే ఆధారపడి నడుస్తోంది.

ఎందుకు కట్టారా అని రేడియేటర్ మూత తీసి టార్చి వేశాం. నీళ్ల మీద నూనె తెట్టు కట్టి ఉంది. లోపల ఎక్కడో నూనె నీళ్లలోకి దిగుతోందన్నమాట. మావాడు జేబులోంచి తీయబోయిన అడ్వాన్స్ కవరు మళ్లీ లోపల పెట్టుకున్నాడు.